మైకు ఆటోలో నా గొంతు

6 జూలై 2020, సోమవారం. తెనాలి.

సమాచార శాఖ ప్రసాద్ గారు మళ్ళీ ఫోన్. కాలేజీ వార్షికోత్సవాల్లో నాలుగుసార్లు మైకు పట్టుకున్నందుకు ఊళ్ళో ప్రతి ఆఫీసుకీ నా నంబరే గుర్తొస్తుంది. "ప్రచార విభాగానికి మీ గొంతు కావాలి మేడమ్. గొంతొక్కటే. మీరు ఎక్కడికీ రానక్కర్లేదు."

కాలేజీ మూసి నాలుగో నెల. తెలుగు లెక్చరర్‌కి పాఠం లేదు, వినేవాళ్ళు లేరు. సరేనన్నాను.

అమ్మీ లోపల్నుంచి — "దేనికంట?"

కరోనా గురించి జనానికి చెప్పడానికి అన్నాను.

"ఇంకా చెప్పడానికి ఏం మిగిలింది? రేపల్లెకి ఫోన్ చేస్తే ముందు ఎవడో దగ్గుతాడు, తర్వాత ఒకావిడ పాఠం చెప్తుంది. మీ అక్క ఎత్తేసరికి నేనెందుకు చేశానో మర్చిపోతున్నా."

7 జూలై

జూమ్‌లో శిక్షణ. సగం సేపు "వినబడుతోందా అండి?" — "మ్యూట్ తీయండి సార్" — ఎవరింట్లోదో కుక్కర్ విజిల్.

చెప్పినావిడ పేరు మానస. హైదరాబాద్. మనుషుల ప్రవర్తన ఎలా మార్చాలన్నది ఆవిడ చదువట, ప్రభుత్వానికి సలహాలిస్తుంది. చిన్నదే. నా పాత స్టూడెంట్ల వయసు. తెర మీద మూడు మాటలు పెట్టింది: భయం, సిగ్గు, పక్కింటివాళ్ళు.

"జబ్బెలా వస్తుందో అందరికీ తెలుసండి. తెలిసీ మాస్క్ గడ్డం కింద పెట్టుకుంటున్నారు. ఇంకా సమాచారం ఇచ్చి లాభం లేదు. తనకేదో అవుతుందంటే మనిషి లెక్కచేయడు. తన వల్ల తన వాళ్ళకి అవుతుందంటే ఆగుతాడు. అక్కడ పట్టుకోండి."

ఒప్పుకోవాలి — బాగా చెప్పింది. ఇన్నేళ్ళ పాఠాల్లో ఆ ముక్క నాకు తట్టలేదు.

9 జూలై

స్క్రిప్టు వచ్చింది. "ప్రజలందరూ భౌతిక దూరమును పాటించుటకు కట్టుబడి ఉండవలెను." ఇది తెలుగా? ఎవరు రాస్తారు ఇవి, ఏ గదిలో కూర్చుని? ఎర్ర పెన్ను తీసి మొత్తం కొట్టేశాను. నేనే రాశాను. సంతలో అమ్మ పిలిచినట్టు, పక్కింటి పిన్ని కసిరినట్టు.

చివర్లో ఒక వాక్యం దానంతటదే వచ్చింది.

"మీ వాళ్ళని మీరే చంపుకోకండి."

మానసకి పంపితే నిమిషంలో ఫోన్. "మేడమ్, అదిరిపోయింది. ఇదే ఇదే ఇదే. దీన్ని మూడుసార్లు చెప్పించండి. చివరిసారి కొంచెం గొంతు వణకాలి."

వణికించాను. దుప్పటి కప్పుకుని, ఫోన్‌లో రికార్డు చేసి, వణికించాను. బాగా వచ్చింది. రోజంతా సంతోషంగా ఉన్నాను — ఇదీ రాసిపెడుతున్నా.

13 జూలై

మా వీధిలోకి శీనయ్య ఆటో వచ్చింది, పైన రెండు మైకులతో. ఎన్నికలప్పుడు ఒకాయనకి ఓటెయ్యమని తిరిగిన ఆటోనే. ఇప్పుడు అందులో నేను. తెనాలికి ఒకటి, రేపల్లెకి ఒకటి, బాపట్ల మీదుగా పిట్టలవానిపాలెం దాకా ఒకటి. అన్నిట్లోనూ నేను.

పాలావిడ — "ఏంటమ్మా, పొద్దున్నే అట్టా శాపాలు పెడతన్నావు?"

శాపమా! జాగ్రత్త చెప్తుంటే.

16 జూలై

మాస్కులు నిజంగానే పెరిగాయి. మార్కెట్‌లో చూశాను. ముక్కు మీదికి కూడా ఎక్కాయి. ప్రసాద్ గారు ఫొటోలు తీసి పైకి పంపించారట, పైనుంచి మెచ్చుకున్నారట.

వెనక వీధిలో పాజిటివ్ వచ్చిన ఒక ఇంటికి కర్రలు కట్టారు. గుమ్మానికి కాగితం. ఆ ఇంట్లోవాళ్ళు నాకు తెలుసు. ఇంటావిడ కిటికీ దగ్గర నిలబడి చెయ్యి ఊపింది. తల దించుకుని వచ్చేశాను. ఎందుకు దించుకున్నాను? చెయ్యి ఊపితే ఏం పోయేది?

20 జూలై

రేపల్లె నుంచి ఆపా — మా అక్క — ఫోన్. "నీ గొంతు రోజుకి నాలుగుసార్లు వింటున్నాం, ఫోన్ మాత్రం చెయ్యవు."

బావ రఫీ భాయి ఎలా ఉన్నాడంటే — రాత్రులు కూడా టైలరింగ్ షాపులోనే పడుకుంటున్నాడట. మాస్కులు కుట్టే పని చాలా ఉందని. ఇంటికి అన్నానికి కూడా రావట్లేదట. "షట్టర్ బయట క్యారేజీ పెట్టమంటాడు. పెడితే సగం అట్టాగే తిరిగొస్తోంది. నాతో గొడవేమైనా ఉంటే చెప్పొచ్చుగా."

గొడవేం ఉండదులే, పని ఎక్కువై ఉంటుంది అన్నాను. చాలా తెలిసినట్టు.

21 జూలై

ప్రసాద్ గారు: "రెండో విడతకి ఇంకా గట్టిగా కావాలంటున్నారు మేడమ్. జనానికి భయం అలవాటైపోతోందట." భయం అలవాటైతే ఏం చేయాలో ఆ మూడు మాటల్లో లేదు కాబోలు.

24 జూలై, శుక్రవారం

ఆపా ఏడుస్తూ ఫోన్. రఫీ భాయికి పనీ లేదు ఏం లేదు. దగ్గు. జ్వరం. ఆరు రోజుల నుంచి. షట్టర్ అవతల నిలబడితే ఆయాసం వినిపించిందట.

టెస్టుకి పోదామంటే రానన్నాడట. "పేరు రాసుకుంటారు. ఇంటికి కర్రలు కడతారు. మొన్న ఏప్రిల్లో జబ్బు మనవాళ్ళే తెచ్చారని ఆ వార్తలొచ్చినప్పుడు మన వీధివైపు కూరల బండి కూడా రాలేదు, గుర్తులేదా? ఇప్పుడు ఊరంతా సాయిబు వల్లే వచ్చింది అంటారు."

ఇంకోటి కూడా అన్నాడట. చెప్పనా వద్దా అంటూనే చెప్పింది ఆపా.

"మీ చెల్లెలేగా చెప్తోంది, మన వాళ్ళని మనమే చంపుకోవద్దని. అందుకే ఇంటికి రావట్లేదు."

25 జూలై

స్కూటీ మీద రేపల్లె. వేమూరు దగ్గర ఎదురుగా మైకు ఆటో — నేనే. నా గొంతే నాకు ఎదురొచ్చింది. వణుకుతోంది, బ్రహ్మాండంగా. బండి పక్కకి తీసి అది దాటిపోయేదాకా నిలబడ్డాను.

రఫీ భాయి షాపుకి షట్టర్ సగం దించి ఉంది. పక్కనే కోటయ్య తాత ఇస్త్రీ బండి. ముప్పై ఏళ్ళ నుంచి ఇద్దరూ పక్కపక్కనే. ఆయన కుట్టడం, ఈయన మడత పెట్టడం. తాత నన్ను చూసి — "వచ్చావా షాహీనమ్మా. మాట వినట్లేదమ్మా మీ బావ. నేనే పొద్దునా సాయంత్రం టీ అందిస్తన్నా. జావ కూడా కాసి తెచ్చా. లోపలికెళ్ళి తాగించాల్సొచ్చింది నిన్న."

లోపలికా? మాస్క్ ఉందా తాతా?

మెడలో తువ్వాలు చూపించాడు. "ఇది ఉందిగా."

షట్టర్ ముందు నేల మీద కూర్చున్నాను. గంటన్నర. లోపల్నుంచి మాటకీ మాటకీ మధ్య దగ్గు.

"నువ్వెళ్ళిపో షాహీన్. నీకంటుకుంటే అమ్మీకి..."

"అమ్మీ సంగతి నేను చూసుకుంటా. నువ్వు బయటికి రా భాయి."

"వీధిలో అందరూ చూస్తారు."

"చూడనీ."

"నువ్వే చెప్పావు కదా..."

"నేను తప్పు చెప్పాను." పెద్దగా అన్నాను. ఎదురుగా మందుల షాపులో వాళ్ళు తలెత్తారు. "జ్వరం రావడం తప్పు కాదు భాయి. దాచిపెట్టేలా చేయడం తప్పు. అది నేను చేశాను."

లోపల కుట్టుమిషను పక్కకి జరిపిన చప్పుడు. తర్వాత షట్టర్ లేచింది. పెదాలు నల్లగా... ఎంత చిక్కిపోయాడో.

108కి ఫోన్ చేశాను. బాపట్లలో ఒక కాలేజీ హాస్టల్‌ని సెంటర్ చేశారు, అక్కడికి. వెనకాల బండి మీద నేనూ వెళ్ళాను. గేటు దాకానే రానిచ్చారు. ఆక్సిజన్ పెట్టారని సాయంత్రం చెప్పారు.

వెళ్ళే ముందు తాతకి చెప్పాను, మీరూ టెస్టు చేయించుకోండి అని. "నాకేమవుద్దమ్మా, నిప్పుల ముందు బతికినోణ్ణి." నవ్వాడు. నేను తొందరలో ఉన్నాను. ఇంకోసారి అడగలేదు.

28 జూలై

నాకూ ఆపాకీ టెస్టు చేశారు. లేదన్నారు. అమ్మీ మాత్రం మూడు రోజుల నుంచి నాకు పళ్ళెం గుమ్మం దగ్గర పెట్టి, రెండడుగులు వెనక్కి వెళ్ళి, అక్కడే నిలబడి తిట్టుకుంటూ తినిపిస్తోంది.

ప్రసాద్ గారికి ఫోన్. ఆ వాక్యం తీసేయండి అన్నాను. మొత్తం జరిగింది చెప్పాను — టైలరు, ఆరు రోజులు, షట్టర్, టీ తెచ్చిన తాత.

"అయ్యో. అయ్యో మేడమ్." నిజంగానే బాధపడ్డాడు. వెంటనే — "కానీ అది చాలా బాగా పనిచేస్తోందని అప్రూవ్ అయిపోయిందండి. మార్చాలంటే మళ్ళీ పైకి పంపాలి."

పంపండి.

"రాతపూర్వకంగా ఇవ్వాలండి."

ఇచ్చాను. నేను రాసిన వాక్యం తీసేయమని నేనే అర్జీ పెట్టుకున్నాను.

29 జూలై

మానసతో నలభై నిమిషాలు. వాదించలేదు ఆ అమ్మాయి, అదే ఇంకా చిరాకు. అంతా విన్నది.

"మీరన్నది కరెక్టేనండి. భయపెడితే కొంతమంది దాక్కుంటారు. మాకు తెలుసు."

తెలుసా?

"తెలుసండి. కానీ మాకిచ్చిన టార్గెట్ మాస్కులు, ఇళ్ళల్లో ఉండటం. ఎంతమంది టెస్టుకి ముందుకొచ్చారు అనేది మా దాంట్లో లేదు. అది వేరే విభాగం."

మనిషి ఒక్కడే కదమ్మా! మాస్క్ పెట్టుకునేవాడూ, దగ్గు దాచుకునేవాడూ ఒకే రఫీ. అతణ్ణి ఏ విభాగంలో వేస్తారు?

అప్పుడు అంది — "మా నాన్నగారిక్కూడా పాజిటివ్ మేడమ్. మూడు రోజులు మాకు చెప్పలేదు."



1 ఆగస్టు. బక్రీద్.

ఇంట్లోనే నమాజ్. ఆపా ఫోన్‌లో — ఆక్సిజన్ కాస్త తగ్గించారట. అమ్మీ సేమ్యా వండింది. తినబుద్ధి కాలేదని అనడానికి భయమేసి తిన్నాను.

3 ఆగస్టు

అర్జీకి జవాబు లేదు. ఆటో తిరుగుతూనే ఉంది.

కొత్తది రాసి నేనే రికార్డు చేశాను. వణికించలేదు. "జ్వరం ఎవరికైనా వస్తుంది. వచ్చినవాళ్ళు తప్పు చేసినవాళ్ళు కారు. చెప్పండి. ముందు చెప్తే బతుకుతారు, బతికిస్తారు. పక్కింట్లో వస్తే తలుపు మూయకండి, దూరంగా నిలబడైనా పలకరించండి."

శీనయ్యకి ఇచ్చాను. పర్మిషన్ లేదని కూడా చెప్పాను. గీరుకున్నాడు తల.

"మా తమ్ముడు చుండూరులో వారం దాచాడమ్మా. వేసేస్తా. అడిగితే పెన్‌డ్రైవ్ మారిపోయిందంటా."

4 ఆగస్టు

కర్రలు కట్టిన ఇంటివైపు వెళ్ళాను. ఈసారి ఆగాను. ఏం మాట్లాడాలో తెలియక "కూరలేమైనా కావాలా అక్కా" అన్నాను. "కూరలున్నాయమ్మా," అందావిడ. "ఇంకాసేపు నిలబడు."

6 ఆగస్టు

మా వార్డు ఆశా వర్కరు గుమ్మం దగ్గర ఆగి చెప్పింది — నిన్నా ఇవాళా ముగ్గురు ఆడవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వచ్చారట టెస్టుకి. "ఆటోలో చెప్పారుగా, తప్పు కాదని" అన్నారట. ముగ్గురే. ముగ్గురంటే ముగ్గురు.

7 ఆగస్టు

శీనయ్య ఆటో ఆపేశారు. ప్రసాద్ గారు — "ఏంటి మేడమ్ ఇది, నన్ను ఇరికించారు." పాపం, ఆయన గొంతు కూడా అరిగిపోయింది. ప్రభుత్వ ప్రచారంలో సొంత మాటలు కలపకూడదట.

మొదటిది కూడా నా సొంత మాటే కదండీ.

"అది అప్రూవ్ అయిందండి."

11 ఆగస్టు

రఫీ భాయి ఇంటికొచ్చాడు! ఆపా వీడియో కాల్. గడ్డం తెల్లబడింది. మంచం మీద కూర్చుని చెయ్యెత్తాడు. అమ్మీ ఫోన్‌ని కళ్ళకద్దుకుంది. దిష్టి తియ్యమని ఆపాకి పది రకాలుగా చెప్పింది.

ఆయన అడిగిన మొదటి మాట — "కోటయ్య కనిపించలేదేంటి?"

ఆపా ఫోన్ పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. అప్పుడు తెలిసింది నాకు. తాత పది రోజులుగా మంచం మీదున్నాడట. జ్వరమని ఎవరికీ చెప్పలేదట. పొద్దున బాపట్లకి తీసుకెళ్ళారు.

13 ఆగస్టు

కోటయ్య తాత పోయాడు.

14 ఆగస్టు

ఏం రాయను.

18 ఆగస్టు

ఆపా చెప్తోంది — రఫీ భాయి క్యాలెండర్ ముందేసుకుని కూర్చుంటున్నాడట. దగ్గు మొదలైన రోజు, తాత టీ తెచ్చిన రోజు, లోపలికి వచ్చి జావ తాగించిన రోజు. వేలు పెట్టి లెక్కేస్తున్నాడట. డాక్టరుకి ఫోన్ చేసి అడిగాడట ఎన్ని రోజులకి అంటుకుంటుందని. ఆయన "చెప్పలేమండి, ఇస్త్రీకి బట్టలిచ్చినవాళ్ళు ఎంతమందో" అన్నాడట. భాయి నమ్మట్లేదు.

"ఇంట్లోవాళ్ళని చంపకూడదని షాపులో దాక్కున్నా. అక్కడ కోటయ్య దొరికాడు" అంటున్నాడట.

నేను రాసిన వాక్యం. ఆయన ఒంట్లోంచి జ్వరం పోయింది, అది పోలేదు.

21 ఆగస్టు

ప్రసాద్ గారి ఫోన్. గొంతులో ఉత్సాహం. నా అర్జీకి జవాబొచ్చిందట! పాత ప్రకటన ఆపేస్తారు. కొత్త ప్రచారం — "ముందుకొచ్చి టెస్టు చేయించుకోండి". నేనే చెప్పాలట.

ఎగిరి గంతేసేదాన్నే. ఆయన మాట ఇంకా పూర్తికాలేదు.

"నిజంగా జరిగిన కథ ఉంటే బాగా పనిచేస్తుందంటున్నారు మేడమ్. మీరు చెప్పారు చూడండి, ఆ టైలర్‌ది... జబ్బు దాచాడు, టీ తెచ్చిన పెద్దాయన పోయాడు. పేరు చెప్పక్కర్లేదు, ఊరు చెప్తే చాలు. వింటే ఎవడూ దాచడు."

ఊరు చెప్తే చాలా! రేపల్లెలో టైలర్లు ఎంతమంది, పక్కన ఇస్త్రీ బండి ఉన్నవాళ్ళు ఎంతమంది? చిన్నపిల్లలు కూడా వేలు పెట్టి చూపిస్తారు.

ఫోన్ పెట్టేశాను. ఆ కథ వాళ్ళ చేతిలో పెట్టింది ఎవరు? నేను. జాలి పడతారనుకుని పూసగుచ్చినట్టు చెప్పాను, తర్వాత తాత పోయిన సంగతి కూడా. వాళ్ళు రాసుకున్నారు.

23 ఆగస్టు

మానస మెసేజ్ పెట్టింది. "వాళ్ళ ఆలోచన నాది కాదు మేడమ్. కానీ నిజం చెప్పాలంటే పనిచేస్తుంది. మా నాన్నగారు ఇలాంటిది విని ఉంటే మూడు రోజులు ఆగేవారు కాదేమో." కింద — నాన్నగారు ఇంటికొచ్చారని.

కోపం తెచ్చుకుందామంటే చోటివ్వదు ఈ అమ్మాయి.

పనిచేస్తుంది. నాకూ తెలుసు. మొదటిది పనిచేసినట్టే.

25 ఆగస్టు

ఆపాకి చెప్పకుండా ఉండాల్సింది. చెప్పాను. ఆవిడ భాయికి చెప్పింది.

సాయంత్రం ఆయనే ఫోన్. నేను తిట్లకి సిద్ధంగా ఉన్నాను.

"నేనే చెప్తా షాహీన్. నా గొంతుతో. పేరు పెట్టి."

వద్దు భాయి.

"ఎందుకొద్దు? నలుగురు విని టెస్టుకి పోతే కోటయ్యకి..." ఆగిపోయాడు. దగ్గు కాదు.

వద్దు భాయి, రేపు షాపు ఎలా తెరుస్తావు, ఎవరు బట్టలిస్తారు, ఆపా వీధిలో ఎలా నడుస్తుంది...

"కోటయ్య కొడుకు నిన్న వచ్చాడు. ఇస్త్రీ పెట్టె నాకిచ్చిపోయాడు. నాన్న మీ దగ్గరుంచమన్నాడని. ఒక్క మాట అనలేదు నన్ను. ఒక్క మాట. ఆ పిల్లాడు తిట్టి ఉంటే బాగుండేది."

శుక్రవారం బస్సెక్కి తెనాలి వస్తానన్నాడు. రికార్డు చేయమన్నాడు.

26 ఆగస్టు

రోజంతా ఇదే. ఆయన మాట్లాడితే జనం వింటారు. నా వణుకు కంటే వెయ్యి రెట్లు. నిజం కాబట్టి. విన్నవాళ్ళల్లో ఒక్కడు షట్టర్ ఎత్తినా...

కానీ అది నిజమా? తాతకి ఈయన వల్లే వచ్చిందని ఎవరికి తెలుసు? తెలియని దాన్ని ఒక మనిషి మెడకి కట్టి ఊరంతా తిప్పడమేనా? ఆయనే కట్టించుకుంటానంటే?

అమ్మీని అడిగాను. తస్బీ పూసలు తిప్పుతూనే అంది — "వాడు చెప్పుకోవాలనుకుంటున్నాడు. కానీ మైకులో కాదే, ఎవరైనా మనిషికి."

మరి జనం?

"జనం సంగతి నాకు తెలీదు. వాడు నాకు అల్లుడు."

27 ఆగస్టు

ప్రసాద్ గారు రెండుసార్లు. ఎత్తలేదు. భాయి వస్తానన్న సంగతి ఆయనకి చెప్పలేదు. చెప్తే ఆటో ఎక్కించేస్తాడు, పూలదండ వేసి మరీ.

28 ఆగస్టు, శుక్రవారం

పొద్దున్నే ఆపా మెసేజ్. "తెల్ల చొక్కా వేసుకున్నాడు. ఇస్త్రీ తనే చేసుకున్నాడు. తొమ్మిదిన్నర బస్సుకి బయల్దేరుతున్నాడు. నేనంటే వినట్లేదు. నువ్వు వద్దంటే ఆగుతాడేమో."

ఇప్పుడు తొమ్మిదీ పది.

అమ్మీ ఆయనకిష్టమని పెసరట్టు పిండి రుబ్బి పెట్టింది.  నా వైపు చూస్తోంది.

భాయి నంబరు తీశాను. నొక్కలేదు.

తొమ్మిదీ ఇరవై.